మా రోజుల్లో హక్కులు ఏడు

ఏడు. నిద్రలో లేపి అడిగినా ఏడనే చెప్పేవాళ్ళు మా పిల్లలు. ప్రాథమిక హక్కులు ఎన్నిరా అంటే "ఏడు సార్" అని క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో అరిచేది. పక్క గదిలోంచి లెక్కల మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడి నన్ను గుర్రుగా చూసి పోయేవాడు. సమానత్వం, స్వాతంత్ర్యం, దోపిడీ నుంచి రక్షణ, మత స్వేచ్ఛ, సాంస్కృతిక విద్యా హక్కు, ఆస్తి, చివర రాజ్యాంగ పరిహారం. మర్చిపోకుండా మొదటి అక్షరాలు కలిపి "స స్వా దో, మ సాం ఆ, రా" అని దరువు కట్టాను. పిల్లలు ఇంటికి పోతూ దార్లో పాడుకునేవాళ్ళు. ఇప్పుడు ఆరు. ఎందుకు ఆరయ్యాయో చెప్పు చూద్దాం. ఊఁ, ఊఁ, చెయ్యి జేబులోకి పోతోంది. ఫోను తియ్యకు.

తెలీదు కదూ. నీ తప్పు కాదులే నాయనా. మీ కాలంలో రాజ్యాంగాన్ని పైకెత్తి పట్టుకుంటారు, పీఠికని గోడమీద ఫ్రేము కట్టి పెట్టుకుంటారు, వాట్సాప్‌లో ఇరవై ఒకటో ఆర్టికల్ అని ఒకళ్ళ మీద ఒకళ్ళు విసురుకుంటారు. తెరిచి చదివే నాథుడు మాత్రం కనపడడు. మేం అలా పైకెత్తి ఊపలేదయ్యా. ఊపడానికి మా దగ్గర పుస్తకమేదీ? మా జిల్లా పరిషత్ హైస్కూల్లో లైబ్రరీ అని పిలుచుకునే ఇనప బీరువాలో ఒకే ఒక్క కాపీ ఉండేది. తాళంచెవి గుమాస్తా దగ్గర, గుమాస్తా ఎప్పుడూ సెలవులో. నేను సివిక్స్ చెప్పింది చాలా ఏళ్ళు అరువు నోట్సు చూసే. అయినా చెప్పింది చెప్పినట్టు ఉండేది, అది వేరే సంగతి.

హక్కుల సంగతికొస్తాను. 1978లో 44వ సవరణ వచ్చి ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి పీకేసి, ఎక్కడో దూరంగా 300ఏ అని నంబరిచ్చి, మామూలు చట్టబద్ధ హక్కు కింద కూర్చోబెట్టింది. బాగానే ఉంది. కొత్త పాఠ్యపుస్తకాలేవీ మరి? మా బడిలో అన్న పుస్తకం తమ్ముడికి, తమ్ముడి పుస్తకం పక్కింటివాడికి పోయేది, అట్టలు మాత్రమే మారేవి. అంచేత నేనే పూనుకున్నాను. తుమ్మబంక కొబ్బరిచిప్పలో నానబెట్టి, తెల్లకాగితం సన్నగా పట్టీలు కత్తిరించి, పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కడి పుస్తకంలో ఆస్తి హక్కు మీద ఒక్కొక్క పట్టీ అంటించాను. ఏడు కొట్టేసి ఆరు అని ఎర్రసిరాతో దిద్దాను. బంక ఎక్కువ పూసినవాడి పుస్తకంలో ఎదురుపేజీ కూడా అతుక్కుపోయి, ఆస్తి హక్కుతోపాటు 32వ అధికరణం కూడా గల్లంతయ్యేది. హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టమని చెప్పే అధికరణం అది. రాజ్యాంగానికి గుండెకాయ లాంటిదని అంబేడ్కర్ గారు చెప్పిన దాన్ని మా ఏడో తరగతి బి సెక్షన్ తుమ్మబంకతో సమాధి చేసింది. దరువు కూడా పాడైంది. "మ సాం, రా" అంటే తాళం కుదరదు, నువ్వే అని చూడు.

ఆ హక్కు పోయిందని మా ఊళ్ళో ఏడ్చినవాళ్ళు లేరు, అదీ చెప్పాలి. ఉన్నవాళ్ళు 1973లో భూసంస్కరణల చట్టం వచ్చినప్పుడే కొడుకులు, కోడళ్ళు, మేనల్లుళ్ళు, పాలేళ్ళ పేర్లకి కాగితాల మీద పంచేసుకున్నారు. లేనివాళ్ళకి ఉన్నా లేకపోయినా ఒకటే. నాకున్న చెక్క కాలవ చివర, దానికి నీళ్ళొచ్చే హక్కు ఏ భాగంలోనూ ఎవరూ రాయలేదు.

అసలు నా కడుపుమంట హక్కుల లెక్క మీద కాదు. తొందర మీద. మీకు అన్నీ ఇప్పుడే కావాలి. ఆ పుస్తకం తొందరపాటు మనుషులు రాసింది కాదు, తొందరపాటు మనుషుల కోసం రాసింది అంతకంటే కాదు. 1946 డిసెంబరు 9న కూర్చున్నారు, 1949 నవంబరు 26న లేచారు. దాదాపు మూడేళ్ళు. ముసాయిదాకి వచ్చిన సవరణ ప్రతిపాదనలు 7,635. అందులో సభలో నిజంగా ప్రవేశపెట్టి తేల్చుకున్నవి 2,473. ఒక్కో మాట మీద ఒక్కో పూట. చివరికి తేలింది 395 అధికరణాలు, 22 భాగాలు, 8 షెడ్యూళ్ళు. దాన్ని మళ్ళీ ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా అనే ఆయన ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో చేత్తో రాస్తే, శాంతినికేతన్ నుంచి నందలాల్ బోస్, ఆయన శిష్యులు బొమ్మలు వేశారు. నీ చేతిరాత నేను చూశాను. ఆ విషయం వదిలేద్దాం.

మనవాళ్ళు లేరనుకున్నావా అందులో? ముసాయిదా కమిటీలో ఏడుగురుంటే వారిలో అల్లాది కృష్ణస్వామి అయ్యర్ గారు నెల్లూరు జిల్లా పూదూరు మనిషి. దుర్గాబాయి గారు ఉన్నారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే లోపలికి పోనివ్వని పిల్ల ఆవిడ. టిక్కెట్టు కొని చేతికిచ్చాకే దారి విడిచింది. అలాంటి మనిషి రాజ్యాంగ సభలో కూర్చుంటే ఇక కామాలు, చుక్కలు తప్పించుకుంటాయా? ప్రకాశం పంతులు గారు లేచి, ఇంత పుస్తకంలో గ్రామ పంచాయతీకి చోటేదీ అని నిలదీశారు. ఆయనలాంటివాళ్ళు పట్టుబట్టబట్టే 40వ అధికరణం వచ్చింది. అంత నిదానంగా చేశారు. ఆలస్యమైపోతోంది, డబ్బు తగలేస్తున్నారు అని అప్పుడు కూడా సణిగినవాళ్ళు ఉన్నారనుకో. ఆఖరి ఉపన్యాసంలో అంబేడ్కర్ గారు దానికి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. సణిగేవాళ్ళు ఏ కాలంలోనైనా ఉంటారు. నా మొహం కేసి అలా చూడకు.

ఇప్పుడేమో బిల్లు పెట్టారని టీవీలో చెప్పేసరికి నేను కాఫీ కలుపుకుని వస్తే, మూజువాణి ఓటుతో అయిపోయిందని చెబుతారు. కాఫీ ఇంకా చల్లారదు. రెండు సభలు ఎందుకు పెట్టారురా నాయనా? ఒక సభ ఆవేశపడితే రెండోది కాస్త ఆగమనడానికి. రాష్ట్రపతి దగ్గరకి ఎందుకు పంపమన్నారు? ఇంకొంచెం ఆగడానికి. ఆపైన కోర్టు ఎందుకు? అప్పటికీ ఆగకపోతే ఆపడానికి. ఈ మాట క్లాసులో చెబితే వెనక బెంచీవాడొకడు, "మరి పని ఎప్పుడవుతుంది సార్" అన్నాడు. గోడకుర్చీ వేయించాను. తర్వాత వాడు తాసిల్దారు ఆఫీసులో ఉద్యోగం సంపాదించాడు, నా పాసుపుస్తకం పని వాడి దగ్గరే పడింది. ఆగడమంటే ఏమిటో నాకు చక్కగా నేర్పించాడు.

అధికారాల పంపకం చూడు. మూడు జాబితాలు. మొదట్లో కేంద్రానికి 97 అంశాలు, రాష్ట్రాలకి 66, ఉమ్మడిగా 47. బ్లాకుబోర్డు మీద మూడు గళ్ళు గీసి రాస్తే పిల్లలకి ఇట్టే ఎక్కేది. ఉమ్మడి జాబితా అంటే ఏమిటి సార్ అంటే, అన్నదమ్ములకి ఉమ్మడి బావిలాంటిదని చెప్పేవాణ్ణి. ఇద్దరూ తోడుకోవచ్చు, గిలకకాడ తగువొస్తే పెద్దాడి మాటే చెల్లుతుంది. 254వ అధికరణం అంతే. ఇంతలో 1976లో 42వ సవరణ వచ్చి, రాష్ట్రాల గడిలో ఉన్న చదువుని, అడవుల్ని, తూనికలూ కొలతల్నీ, ఇంకో రెంటినీ తెచ్చి ఉమ్మడి గడిలో పడేసింది. చదువు మా రాష్ట్రానిదని గర్వంగా చెప్పిన నోటితోనే ఉమ్మడిదని చెప్పాల్సి వచ్చింది. ఇవాళ నీట్ పరీక్ష ఎవరు పెట్టాలి, సిలబస్ ఎవరు రాయాలి అని టీవీల్లో గొంతులు చించుకుంటున్నారే, ఆ తగువుకి వేరు ఎక్కడుందో ఒక్కడైనా చెబుతాడా?

జీఎస్టీ ఇంకో చిక్కు. మా రోజుల్లో అమ్మకప్పన్ను రాష్ట్రానిది, ఎక్సైజు సుంకం కేంద్రానిది, కిరాణా కొట్లో చిట్టా కాగితం మనది. 2016లో 101వ సవరణ చేసి, జీఎస్టీ మండలి అని పెట్టి, కేంద్రం ఓటుకి మూడో వంతు విలువ, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండొంతులు అన్నారు. ఏ నిర్ణయానికైనా నాలుగింట మూడొంతులు కావాలి. ఇప్పుడు లెక్క చెయ్యి. కేంద్రం ఒప్పుకోకపోతే రాష్ట్రాలన్నీ కట్టగట్టుకున్నా కాదు. రాష్ట్రాలు గట్టిగా అడ్డం పడితే కేంద్రం వల్లా కాదు. ఈ లెక్క వేసిందెవరో కానీ, వాడికి నా క్లాసులో నూటికి నూరు వేసేవాణ్ణి. మెచ్చుకుంటున్నాననుకోకు. బిల్లు మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు వరసలు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఇడ్లీపిండి ప్యాకెట్టుకి ఫెడరలిజం ఎందుకు?

సవరణల దారులు మూడున్నాయి. కొన్ని పనులకి మామూలు మెజారిటీ చాలు. రాష్ట్రాలు కలపడం, విడదీయడం ఈ కోవలోదే. మూడో అధికరణం. అంత పెద్ద పని అంత తేలిగ్గా ఎలా పెట్టారో అని 2014లో చాలామంది ఆశ్చర్యపోయారు; 1953లో, 1956లో దాని వల్లే మనకి రాష్ట్రాలు వచ్చినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. శాసన మండలి కూడా తేలికపాటి వ్యవహారమే. మనకి 1958లో పెట్టారు, 1985లో తీసేశారు, 2007లో మళ్ళీ పెట్టారు, 2020లో ఆంధ్ర శాసనసభ మళ్ళీ వద్దని తీర్మానం చేసింది, 2021లో కాదు ఉండనీ అంది. నా నోట్సులో ఆ పేజీ చిరుగుపట్టింది, రబ్బరు పెట్టి చెరిపీ చెరిపీ. రెండో దారి 368వ అధికరణం. ఉభయ సభల్లోనూ హాజరై ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతులు, పైగా మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఒప్పుకోవాలి. మూడోది, రాష్ట్రాల వాటాలు, కోర్టుల అధికారాలు లాంటి వాటి జోలికెళితే సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఊఁ అనాలి. అమెరికాలో చూడు, వాళ్ళ 27వ సవరణ 1789లో ప్రతిపాదిస్తే 1992లో ఆమోదం పూర్తయింది. డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడితో ఈ మాటంటే, "మావయ్యా, గ్రీన్ కార్డు కూడా అలాగే ఉంది" అన్నాడు. మనం 2023 నాటికే 106 సవరణలు చేశాం.

అన్నీ మీ తరమే చేసిందనడం లేదు. నిజానికి ఎమర్జెన్సీలో జరిగినంత వేగం మీరు కూడా చూడలేదు. 39వ సవరణ, ప్రధానమంత్రి ఎన్నిక కోర్టుల పరిధిలోకి రాకుండా చేసేది, 1975 ఆగస్టు 7న లోక్‌సభ, 8న రాజ్యసభ, మర్నాడు రాష్ట్రాలు, 10న రాష్ట్రపతి సంతకం. నాలుగు రోజుల్లో రాజ్యాంగం మారింది. మా వీధి కుళాయికి వాషరు మార్చడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. ఆ మాటకొస్తే ఆ రోజుల్లో రైళ్ళు టైముకి వచ్చేవి అని నేను ఎవరితోనో అంటుంటే, లోపల్నించి మా ఆవిడ, "మీరు ఆ రెండేళ్ళలో రైలెక్కిందెప్పుడు?" అంది. ఎక్కలేదు. అందరూ అంటుంటే విన్నాను.

ఆ 39వ సవరణలో కీలకమైన ముక్కని నవంబరులోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏ ఆధారంతో? 1973 ఏప్రిల్ 24న వచ్చిన కేశవానంద భారతి తీర్పు ఆధారంతో. ఇది నోరారా చెప్పుకోవలసిన కథ. కాసరగోడు దగ్గర ఎడనీరు మఠం స్వామివారు మఠం భూముల కోసం కేసు వేశారు. పదముగ్గురు జడ్జీలు, 68 రోజుల వాదనలు. చివరికి ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. పార్లమెంటు ఏ అధికరణాన్నైనా సవరించవచ్చు, కానీ రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని చెరపడానికి వీల్లేదు అన్నారు. ఆ ఏడుగురిలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన పి. జగన్మోహన్ రెడ్డి గారు ఒకరు. అంతకుముందు 1967లో, హక్కుల మీద చెయ్యే వెయ్యొద్దని గోలక్‌నాథ్ కేసులో పార్లమెంటుకి చెప్పిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారూ మన తెలుగువాడే. ఆ తీర్పు కేశవానంద కేసులో నిలవలేదు, అయినా రోడ్డు వేసింది ఆయనే. కేశవానంద కేసు తేలింది ఒక్క ఓటు తేడాతో నాయనా. స్కూల్లో క్లాస్ లీడరు ఎన్నికలో కూడా నేను అంత తక్కువ తేడా చూడలేదు. విచిత్రమేమిటంటే, ఆ తీర్పు వచ్చిన రోజున మన రాష్ట్రంలో ప్రభుత్వమే లేదు. జై ఆంధ్ర ఉద్యమం తర్వాత రాష్ట్రపతి పాలన నడుస్తోంది. బళ్ళు సరిగా నడవక ఆ ఏడు నాకు సివిక్స్ చెప్పే పనే తగ్గింది.

ఆ మౌలిక స్వరూపంలో ఏమేం ఉన్నాయి అంటావా? అక్కడే వచ్చింది నాకు తంటా. జాబితా లేదు. న్యాయసమీక్ష ఉంది, సమాఖ్య విధానం ఉంది, లౌకికత్వం ఉంది, స్వేచ్ఛగా జరిగే ఎన్నికలు ఉన్నాయి, అధికారాల విభజన ఉంది. ఒక్కో కేసు వచ్చినప్పుడు ఒక్కోటి చేరుస్తూ పోయారు. 2015లో జడ్జీల నియామకాల కమిషన్ తెచ్చిన 99వ సవరణని నలుగురు జడ్జీలు న్యాయవ్యవస్థ స్వతంత్రత కూడా అందులో భాగమేనని కొట్టేస్తే, కాదన్న ఐదో ఆయన మన కృష్ణా జిల్లా చలమేశ్వర్ గారు. ఇలా అయితే "ఖాళీలు పూరింపుము"లో ఏమివ్వాలి? "మౌలిక స్వరూపములో గల అంశములు ______" అని ఇస్తే ఎంత పొడుగు గీత గీయాలి? గట్టిగా ఏడు అంటే ఏడు అని చెప్పుకున్న మనిషిని, నాకిది నచ్చలేదు. నచ్చకపోయినా, అచ్చులో లేని ఆ అంశమే అచ్చులో ఉన్నవాటిని కాపాడింది. ఏం చేస్తాం.

గవర్నరు అంటే ఎవరో, "ఇష్టమున్నంత కాలం" మంత్రులు ఉంటారని రాసిన 164వ అధికరణానికి అర్థమేమిటో మా ఊరివాళ్ళకి నేను చెప్పలేకపోయాను, 1984 ఆగస్టు చెప్పింది. గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి వచ్చిన ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు గారిని గవర్నరు రాంలాల్ 16న దించేశారు. బలం సభలో కదా తేలాల్సింది, రాజ్‌భవన్‌లో ఎలా తేలుతుంది అని, ఏడో తరగతి ఫెయిలైనవాళ్ళు కూడా టీకొట్టు బల్ల మీద కూర్చుని వాదించారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. ఆ మరుసటి ఏడే 52వ సవరణతో పదో షెడ్యూలు, ఫిరాయింపుల నిషేధం వచ్చింది. బలపరీక్ష సభలోనే జరగాలని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో తేల్చింది 1994లో. మా టీకొట్టు పదేళ్ళు ముందే తేల్చింది. ఇప్పుడు ఫిరాయింపులు లేవా? ఉన్నాయి, కానీ ఆ రుచి లేదు. అప్పుడు ఎమ్మెల్యేలని బస్సుల్లో కర్ణాటకకి తీసుకెళ్ళి దాచారు, రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు రిసార్టుకి విమానంలో పోతారు, స్పీకరు దగ్గర అనర్హత పిటిషను ఐదేళ్ళూ నిద్రపోతుంది, జనం ఛానల్ మార్చేస్తారు.

ఇంకోటి చెప్పనా, వినడానికి ఓపికుందా? 1976లో సుప్రీంకోర్టు ముందుకి ఒక ప్రశ్న వచ్చింది. ఎమర్జెన్సీలో మనిషిని అన్యాయంగా లోపల వేస్తే కోర్టుకి పోయే హక్కు ఉందా? నలుగురు లేదన్నారు. ఉందన్న ఒకే ఒక్క హెచ్.ఆర్. ఖన్నా గారికి, వరస ప్రకారం రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాలేదు. లేదన్న నలుగురిలో వై.వి. చంద్రచూడ్ గారొకరు. 2017లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత కూడా ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెబుతూ ఆ పాత తీర్పు తప్పని కొట్టేసింది. ఆ మాట రాసింది ఎవరనుకున్నావ్? ఆయన కొడుకు, డి.వై. చంద్రచూడ్. మా రోజుల్లో తండ్రి గుమ్మంలో ఉంటే మేం పెరటి దారిన పోయేవాళ్ళం. వీడు తండ్రి తీర్పుని సుప్రీంకోర్టులో కూర్చుని చెరిపేశాడు. కాలం ఎంత చెడిపోయిందో అని ఆ సాయంత్రం నేను అరుగు మీద అంటే, మా ఎదురింటి ప్లీడరు, "మాస్టారూ, తండ్రి మాటే నిలవాలంటారా? మిమ్మల్ని రేపు రాత్రికి పట్టుకుపోతే?" అన్నాడు. నన్నెందుకు పట్టుకుపోతారు, మందులు కొనలేక మర్నాడే దింపేసి పోతారు.

ఆ గోప్యత కేసు వేసిందీ మా బాపతు మనిషేలే. జస్టిస్ పుట్టస్వామి అని, కర్ణాటకలో రిటైరైన జడ్జి. ఎనభై ఆరో ఏట ఆధార్ మీద కోర్టుకెక్కాడు. పెన్షనరంటే అలా ఉండాలి. అయితే ఆ హక్కు మాత్రం నాకు బొత్తిగా అర్థం కాదు. మా వీధిలో పోస్ట్‌మేన్ కార్డు చదివి, "మీ చెల్లెలికి మగపిల్లాడు" అని వీధి మొదట్లోంచే కేకేసేవాడు. నేను ఇంట్లోంచి బయటికొచ్చేసరికి పక్కింటివాళ్ళు చక్కెర కూడా పంచేసేవాళ్ళు. ఏం గోప్యత అది? కానీ చూడు, 1978లో నా ఆస్తి హక్కుని మింగిన ఆ 44వ సవరణే, ఇంకెప్పుడు ఎమర్జెన్సీ పెట్టినా ప్రాణాన్నీ స్వేచ్ఛనీ కాపాడే 21వ అధికరణాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదని కూడా రాసింది. తుమ్మబంక పట్టీల హడావిడిలో ఆ సంగతి నేను పిల్లలకి చెప్పానో లేదో జ్ఞాపకం లేదు.

నిదానం నిదానం అని ఇంతసేపు వాగాను కదా, ఒక్కచోట నా నోరు పెగలదు. ఆదేశిక సూత్రాల్లో 45వ అధికరణం. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య అని రాశారు 1950లో. పదేళ్ళంటే 1960. నేను ఉద్యోగంలో చేరేసరికే గడువు దాటిపోయింది. ఆదేశిక సూత్రం కాబట్టి కోర్టుకి పోవడానికి లేదు. ఏటా మినపతీతల కాలానికి నా హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్లకి ఎదురుగా వరసగా సున్నాలు పడేవి. కొన్నాళ్ళు చూసి, రూళ్ళకర్ర పెట్టి ఎర్రసిరాతో పేరు మీద అడ్డగీత కొట్టేవాణ్ణి. అదీ రూలే. రెండో బెంచీలో మూడు జాబితాలూ తప్పు లేకుండా అప్పజెప్పే పిల్ల ఒకతె, ఒక దసరా తర్వాత రాలేదు. గేదెల వెనక కనపడింది, నన్ను చూసి గేదె చాటుకి తప్పుకుంది. 2002లో 86వ సవరణ చేసి 21ఏ అని హక్కుగా రాశారు; చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. అప్పటికి నేను రిటైరయ్యాను, ఆ పిల్లకి మనవలు పుట్టి ఉంటారు.

సర్లే. ఓటు మాట చెప్పలేదు నీకు. మేం ఇరవై ఒకటి నిండేదాకా ఆగాం. మీకు 61వ సవరణతో పద్దెనిమిదికే చేతిలో పెట్టారు, అదీ అడక్కుండానే. పోలింగ్ డ్యూటీకి వెళితే ముందురోజు సాయంత్రమే లాంతరు, గొడ్డలిలా బరువుండే ఇనప పెట్టె, లక్క, కొవ్వొత్తి, దారపుండ పుచ్చుకుని ఎడ్లబండి మీద చేరేవాళ్ళం. రాత్రి కరణం గారింటి నుంచి భోజనం వచ్చేది. తినొచ్చా తినకూడదా అని మాలో మేమే చర్చించుకుని తినేసేవాళ్ళం. లక్క కరిగించి సీలు వేసేటప్పుడు ఒక చుక్క చేతి మీద పడితే ఆ మచ్చ వచ్చే ఎన్నికల దాకా ఉండేది. ఓటరు కాగితాన్ని ఎన్ని మడతలు పెట్టాలో తెలియక వెలుగులోకి తెచ్చి నన్నే అడిగేవాడు, ముద్ర ఎవరికేశాడో కనపడేలా. నేను కళ్ళు మూసుకుని మడతపెట్టి ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు బీప్ అంటుంది, అయిపోయింది. వేలికి సిరా పూయగానే ఫోటో తీసుకుని లోకమంతా చాటుతారు. రహస్య ఓటు అంటే వేలు రహస్యమనుకున్నావా అని అడక్కు, వేలు కాదని నాకూ తెలుసు.

ఇక నంబర్లు. 395 దగ్గర పుస్తకం ఆగుతుంది ఇప్పటికీ, అక్కడ మోసం లేదు. కానీ మధ్యలో ఎన్ని తోకలు! 1992లో ప్రధాని పి.వి. నరసింహారావు గారి హయాంలో 73, 74 సవరణలు పంచాయతీలకి, మునిసిపాలిటీలకి చేశారు. ప్రకాశం పంతులు గారు అడిగింది నలభై ఏళ్ళు దాటాక వచ్చింది. నిదానమంటే ఇష్టపడే నాకే అది ఎక్కువనిపించింది. దాంతో 243 తర్వాత 243ఏ, 243బి అంటూ మొదలెట్టి, అక్షరాలు అయిపోతే 243జెడ్‌ఏ అని మళ్ళీ మొదలెట్టారు. మా పిన్నత్త కోడలు ఆ సవరణ తెచ్చిన ఆడవాళ్ళ రిజర్వేషన్ వల్లే సర్పంచి అయింది. మొదటి ఏడాది మా బావే సంతకాలు తప్ప అన్నీ చేసేవాడు. రెండో ఏడాది నుంచి ఆవిడ గ్రామసభ మినిట్సు పుస్తకం చంకలో పెట్టుకుని, 243జి ప్రకారం పదకొండో షెడ్యూల్లో 29 అంశాలు మాకిచ్చారు కదా, అందులో మాకు నిజంగా ఇచ్చినవెన్ని అని నా దగ్గరికే వచ్చి అడుగుతోంది. నేనెక్కడ తెచ్చి చెప్పను? బావ ఇప్పుడు టీ పెడుతున్నాడు.

ఆ తోకల్లో చివరిది 243జెడ్‌టి. 2011లో 97వ సవరణతో సహకార సంఘాల మీద తొమ్మిది-బి అని కొత్త భాగం పెట్టారు. సహకార సంఘాలు రాష్ట్రాల జాబితాలోవి. రాష్ట్రాల వాటా తాకితే ఏం చెయ్యాలన్నాను ఇందాక? సగం రాష్ట్రాల ఆమోదం. అది తీసుకోలేదు. తొందర! ఒకటీ రెండూ కాదు, దాదాపు పదేళ్ళు పుస్తకంలో నడిచాక, 2021 జూలైలో సుప్రీంకోర్టు, రాష్ట్రాల లోపల ఉండే సంఘాలకి ఇది చెల్లదు పొమ్మంది. రెండు మూడు రాష్ట్రాల్లో ఉండే పెద్ద సంఘాల మట్టుకు చెల్లుతుందంది. కాబట్టి ఆ భాగం అచ్చులో ఉంది, మా ఊరి పరపతి సంఘానికి మాత్రం లేదు. ఇప్పుడైతే దాని మీద ఎంత పట్టీ అంటించాలి, సగమా, ముప్పాతికా? నువ్వు గ్రూప్స్‌కి చదువుతున్నావు కదా, ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది, రాసుకో. ఏమిటీ, పెన్ను లేదా? ఫోటో తీసుకుంటావా? దేన్ని, నా మొహాన్నా?